జరిమానా రశీదే సాక్ష్యం: నల్లమలలో ఒక చెంచుగూడెం సామూహిక హక్కుల దరఖాస్తు

ఈ కేసు ఆత్మకూరు వైపు నల్లమల అంచున ఉన్న ఒక చెంచుగూడెం సామూహిక అటవీ హక్కుల దరఖాస్తుకు సంబంధించినది. గూడెం పేరు, మనుషుల పేర్లు ఇక్కడ ఇవ్వడం లేదు. దరఖాస్తులో ఒక భాగం ఇంకా తేలకపోవడం ఒక కారణం కాగా, తమను అడగకుండా తమ పేర్లు కాగితం మీదికి ఎక్కడం అక్కడి పెద్దలకు ఇష్టం లేకపోవడం రెండో కారణం. ఆ అయిష్టానికి ఈ కేసులో ఉన్న ప్రాధాన్యం ముందు ముందు తెలుస్తుంది. నేను పని మొదలుపెట్టిన నాటికి ఆ ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. పాత రికార్డులన్నీ కర్నూలు పేరుతోనే ఉన్నాయి కనుక నేనూ కర్నూలు అనే రాస్తాను.

మొదటి దరఖాస్తు ముసాయిదా నా చేతుల మీదుగానే వెళ్ళింది కాబట్టి దాని లోపాలకు నాదీ బాధ్యత. సామూహిక వాడుక హక్కులు కోరే ఫారం ‘బి’లో తేనె, తపసి బంక, చింతపండు, కుంకుళ్ళు, కరక్కాయలు, ఉసిరి, ఇప్పపువ్వు, సారపప్పు, చీపురు గడ్డి అంటూ సంతలో సరుకుల పట్టీలాగా ఒక వరుస రాసి, అడవి నిర్వహణ హక్కు కోరే ఫారం ‘సి’కి కంప్యూటరులో గీసిన పటం ఒకటి జతచేశాం. గ్రామసభ తీర్మానం ఉంది, కోరం ఉంది, సంతకాలూ వేలిముద్రలూ ఉన్నాయి. పై కమిటీ నుంచి తిరిగి వచ్చిన కాగితంలో మాత్రం ఒక్కటే వాక్యం ఉంది: తరతరాల వినియోగానికి లిఖిత ఆధారం చూపలేదు.

2006 అటవీ హక్కుల చట్టం కింద 2012 సెప్టెంబరులో సవరించిన నియమాల ప్రకారం, గ్రామసభ సిఫారసు చేసి, రెండు రకాల ఆధారాలు జతచేసిన దరఖాస్తును రాతపూర్వకమైన కారణాలు చూపకుండా తిరస్కరించకూడదు. ఫలానా రకం ఆధారమే కావాలని పట్టుబట్టకూడదు. ఆ ఒక్క అంశం మీద అప్పీలుకు వెళ్ళి గెలవవచ్చునని నాతో పనిచేసే న్యాయవాది అన్నారు. గెలిస్తే ఫైలు మళ్ళీ అదే బల్ల మీదికి, అదే సరుకుల పట్టీతో వస్తుందన్నది నా అభిప్రాయం. అందువల్ల అప్పీలు గడువును కాపాడుకుంటూనే, ఆధారాన్ని మొదటినుంచి తిరిగి కట్టాలని గూడెంవారితో కలిసి నిర్ణయించుకున్నాం. ఆ పనికి రెండు ఎండాకాలాలు పట్టింది.

లిఖిత ఆధారం ఎందుకు లేదన్న ప్రశ్నకు సమాధానం 1882 మద్రాసు అటవీ చట్టంలో ఉంది. 1878లో భారత అటవీ చట్టం వచ్చినప్పుడు మద్రాసు ప్రభుత్వం దాన్ని తన ప్రాంతానికి వర్తింపజేసుకోలేదు. ఈ ప్రాంతంలో గ్రామస్థుల వాడుక హక్కులు లేని అడవి దాదాపు లేదని మద్రాసు రెవెన్యూ బోర్డు వాదించింది. వలసపాలనలోని ఒక ఉన్నత కార్యాలయమే ఇలా ఒప్పుకున్న మాట ఈ రోజు మన వాదనకు అక్కరకొస్తుందని నేను అనుకుంటాను, దానిని ఎత్తిచూపినవారు మాత్రం తక్కువ. చివరికి భారత అటవీశాఖ అధిపతి బ్రాండిస్ మద్రాసుకు వచ్చి వెళ్ళే కాలంలో 1882 చట్టం తయారైంది. నాలుగో సెక్షను కింద రిజర్వు చేయదలచినట్టు ప్రకటన, ఆరో సెక్షను కింద హక్కులేమైనా ఉంటే చెప్పుకోవలసిందిగా దండోరా, దానికి కనీసం మూడు నెలల గడువు, ఫారెస్ట్ సెటిల్‌మెంట్ అధికారి విచారణ, ఆపైన పదహారో సెక్షను కింద రిజర్వు అడవిగా తుది ప్రకటన. గడువులోగా ఎవరూ చెప్పుకోని హక్కు తుది ప్రకటనతో అంతరించినట్టే.

నోటితో చెప్పుకున్నా సరిపోతుందని చట్టం అన్నది నిజమే. కానీ దండోరా వేసేది ఊళ్ళలో, తాలూకా కచ్చేరీలో. కాలాన్నిబట్టి, నీటినిబట్టి పెంట (అడవిలోని చిన్న నివాసం) మార్చుకునే చెంచు కుటుంబాలు ఆ మూడు నెలలూ ఏ వాగు పక్కన ఉన్నాయో సెటిల్‌మెంట్ అధికారికి తెలిసే అవకాశం లేదు. పైగా చెప్పుకోవడం అంటే అడగడమే కదా అన్న సంకోచం ఒకటి ఉంది. ఈ విషయం గూడెంలో వివరిస్తుండగా ఒక పెద్దాయన మధ్యలో ఆపి, “మా ఇంట్లో మేముండేదానికి ఎవుర్ని అడగాల సార్?” అన్నాడు. ఆయన మాటను వాంగ్మూలంలో ఉన్నదున్నట్టుగా రాయించాను. దరఖాస్తు చేసుకోలేదు కనుక హక్కు లేదన్న తర్కానికి అంతకంటే సూటిగా నేను జవాబు రాయలేను.

కృష్ణకు ఆవలి ఒడ్డున, అమ్రాబాద్ వైపు ఉన్న చెంచుల ప్రాంతం రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద, గిరిజనులకు ప్రత్యేక రక్షణలుండే షెడ్యూల్డ్ ప్రాంతమైంది. ఈవలి ఒడ్డున, కర్నూలు వైపు చెంచుగూడేలు కాలేదు. తెగ ఒక్కటే, ఇంటిపేర్లు ఒక్కటే, పెళ్ళి సంబంధాలు ఏటికి అటూ ఇటూ సాగుతూనే ఉన్నాయి. అయినా ఒక ఒడ్డు నిజాం పాలన నుంచి, మరో ఒడ్డు మద్రాసు పాలన నుంచి రావడంతో రాజ్యాంగం దగ్గర రెండు దారులయ్యాయి. అందువల్ల ఈ గూడేనికి అటవీ హక్కుల చట్టం తప్ప ఆసరాగా నిలిచే ప్రత్యేక భూరక్షణ చట్టం లేదు.

దారి దొరికింది అటవీ హక్కుల నియమాల్లో ఏవేవి ఆధారాలో చెప్పే పదమూడో నియమం మాటల్లోనే. పూర్వపు సంస్థానాలు, ప్రావిన్సుల కాలంలో ఇచ్చిన హక్కులు, సౌకర్యాలు, రాయితీలు, దయతో చేసిన మేళ్ళు నమోదైన ఏ రికార్డయినా ఆధారమేనని అందులో ఉంది. ‘దయతో చేసిన మేలు’ అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. వలసపాలన చెంచుల వాడుకను ఎన్నడూ హక్కు అని రాయలేదు. రాసినప్పుడల్లా మూడు పేర్లలో ఏదో ఒకటి పెట్టింది: నేరం, రాయితీ, కూలి. ఈ మూడు గళ్ళనూ ఎదురుదిక్కు నుంచి చదివితే వాడుక ఎక్కడ, ఏ నెలలో, ఎవరు చేశారన్న వివరం బయటపడుతుంది. సవరించిన నియమాల్లోని ఒక వివరణ ప్రకారం జరిమానా రశీదులు, నేర నివేదికలు, సెటిల్‌మెంట్ నివేదికల వంటివాటిని గానీ, అవి లేకపోవడాన్ని గానీ మాత్రమే ఆధారం చేసుకుని దరఖాస్తును తిరస్కరించకూడదు. ఆ వివరణ రక్షణ కోసం పెట్టింది. నేను దానిని ఒక అడుగు ముందుకు తీసుకెళ్ళి, రశీదునే ఆధారంగా పెట్టాలని తలచాను.

రశీదు కోసం వెతకవలసిన అవసరం లేకపోయింది. తుది ముసాయిదాకు ముందు వంశవృక్షాలు రాసుకుంటూ ఉండగా, ఒకావిడ ఇంటి చూరు నుంచి వెదురుగొట్టం ఒకటి దింపింది. అందులో చెదలు కొంత తిన్న నాలుగు కాగితాలు ఉన్నాయి. రెండు చదవడానికి వీలుకానివి. ఒకటి ఎడ్లబండి కర్ర తాలూకు పర్మిట్‌లాగా ఉంది, వారిది కాకపోవచ్చు. నాలుగోది 1930ల నాటి జరిమానా రశీదు. అడవికి నిప్పు పెట్టిన నేరానికి రాజీ రుసుము వసూలు చేసినట్టు అందులో ఉంది. “ఇది మా తాత కట్టింది సార్. పారేస్తే మల్లా అడుగుతారేమోనని మా నాయన దాంట్లో పెట్టినాడు,” అని ఆమె చెప్పింది. ఆ కాగితాన్ని హక్కుకు గుర్తుగా ఎవరూ దాచుకోలేదు. మళ్ళీ కట్టించుకుంటారన్న భయంతోనే మూడు తరాలు కాపాడుకున్నారు.

ఆ రశీదులో మాకు నాలుగు సంగతులు దొరికాయి. కట్టిన మనిషి పేరు మేము అప్పటికే రాసుకున్న వంశవృక్షంలో ఉంది. అడవి బ్లాకు పేరు ఇప్పటికీ బీటు పేరుగా వాడుకలో ఉంది. నెల ఎండాకాలపు తొలి నెల. నేరం నిప్పు. ఫాల్గుణ, చైత్రాల్లో ఇప్పచెట్ల కింద రాలిన ఆకును కాల్చి నేల శుభ్రం చేసుకోవడం, తెల్లవారకముందే రాలిన పువ్వును ఏరుకోవడం గూడెం ఆనవాయితీ. అంతకుముందే వేరే సందర్భంలో, రశీదు సంగతి తెలియని ఒక ముసలాయన ఇప్పపువ్వు ఏరే చోట్లు చెబుతూ అదే బ్లాకులోని ఒక వాలును చూపించి ఉన్నాడు. చెంచులు అడవిని తగలబెడతారన్న నింద నేటికీ వినిపిస్తుంది. చెట్టు మొదలు చుట్టూ, గాలి లేని పొద్దున, పచ్చికొమ్మలు చేతపట్టుకుని నలుగురు కాపలా ఉండగా పెట్టే చిన్న మంటకూ, వేసవి మధ్యలో బీడీముక్క వల్ల కొండకు కొండ కాలే మంటకూ 1882 చట్టం ఇరవై ఒకటో సెక్షను తేడా పెట్టలేదు. ఆ తేడాను మా దరఖాస్తులో ఒక పేజీ నిండా వివరించాను, ఎందుకంటే నిప్పు మాట రాగానే విచారణ దారి తప్పుతుందని నా అనుభవం.

రాయితీ, కూలి గళ్ళలో పని కొంత నెమ్మదిగా సాగింది. చెంచులను అడవి కాపలాకు, మంటలు ఆర్పడానికి, దారి చూపడానికి కూలికి పెట్టుకోవడం అటవీశాఖ పాత పద్ధతి. తనకంటే ముందే అక్కడ ఉండి, ప్రతి కనుమా ప్రతి చెలమా తెలిసినవారని ఒప్పుకోకుండా శాఖ వారిని ఆ పనికి పెట్టుకోలేదు. అంతకుముందటి కాలానికి వెళ్తే చిత్రం ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1840లలో న్యూబోల్డ్ అనే సైనికాధికారి రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో చెంచుల మీద ఒక వ్యాసం రాశాడు. 1886 నాటి కర్నూలు జిల్లా మాన్యువల్‌లో, దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాల్లో వారి ప్రస్తావన ఉంది. కొండదారుల కాపలా చెంచుల చేతుల్లో ఉండేదని, శ్రీశైలం తిరునాళ్ళకు వచ్చే యాత్రికుల నుంచి వారు రుసుము తీసుకునేవారని పంతొమ్మిదో శతాబ్దపు రాతల వల్ల తెలుస్తుంది. ఆ రాతల్లో చెంచుల పట్ల చులకన కనిపిస్తుంది, రుసుమును దాదాపు దోపిడీగా చూసిన ధోరణి కూడా కనిపిస్తుంది. కానీ ఒకరి నేల మీదుగా పోయేటప్పుడు వారికి ఏదో ఒకటి ఇచ్చి పోవడమే అది. శ్రీశైల మల్లన్న చెంచుల ఆడపడుచును చేసుకున్న అల్లుడు, ‘చెంచు మల్లయ్య’. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మి మగడు. సంక్రాంతి మరునాటి నుంచి పారువేటకు పల్లకీ ఎక్కి ఊరూరూ తిరిగి తన పెళ్ళికి పిలుస్తాడు, చెంచులు పల్లకీ మీదికి బాణాలు వేసి లాంఛనం జరుపుతారు. దేవుడంతటివాడు అల్లుడిగా వచ్చినవాడే కనుక, కొండ మామగారి వైపుదని చెంచులు ఈ రోజుకూ చెబుతారు. దీనిని ఆధారంగా జతచేయాలా అని మాలో మేము వాదులాడుకున్నాం. ఆచారవ్యవహారాల నమోదు కూడా నియమంలో ఉన్న ఆధారమే కనుక చేర్చాం, అయితే కథగా కాకుండా, ఏ ఉత్సవంలో ఏ మర్యాద ఇప్పటికీ ఎవరికి దక్కుతుందన్న రూపంలో.

తిరుగుబాటు ప్రస్తావన ఈ దరఖాస్తులో అవసరమా అని ఒక మిత్రుడు అడిగాడు. 1800లో నిజాం దత్తమండలాలను కుంఫిణీకి (ఈస్టిండియా కంపెనీకి) అప్పగించిన తరువాత, మన్రో కలెక్టరుగా ఉన్న కాలంలో పాలెగాళ్ళను అణచి, వారి కింద కాపలా పని చేసే కట్టుబడి బంట్ల ఇనాములకు (పనికి బదులుగా ఇచ్చిన భూములకు) క్రమంగా ఎసరు పెట్టారు. కనుమల కాపలా, అడవి అంచు ఊళ్ళ కాపలా అనే పాత ఏర్పాటు ఆ ఇనాముల మీదే నిలిచి ఉండేది. 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడినప్పుడు ఆయన వెంట నడిచినవారిలో కట్టుబడులు, బోయలు, చెంచులు ఉండడానికి, వెనుదిరిగిన దళానికి నల్లమల ఆశ్రయమివ్వడానికి కారణం ఒక మనిషి మీది అభిమానం మాత్రమే కాదు. ఊడిపోతున్న ఆ పాత ఏర్పాటు కూడా. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలో ఉరితీసి, తలను కోట మీద 1877 దాకా వేలాడదీశారు. ఆ తల తీసివేసిన తరువాత ఐదేళ్ళకే అటవీ చట్టం వచ్చింది. ఇనాముతో మొదలైన సంగతి అడవితో ముగిసిన వరుస ఇది కనుక, దరఖాస్తులో దీనికి ఒక పేరా ఇచ్చాను. అంతకంటే ఎక్కువ ఇవ్వలేదు. ఈ గూడెం పూర్వీకులు ఆ దళంలో ఉన్నారని చెప్పే ఆధారం నా దగ్గర లేదు, లేని గొప్పను అంటగడితే ఉన్న ఆధారం కూడా పలచబడుతుంది.

అంతకుముందు కొన్నేళ్ళు నేను కడప జిల్లాలో పశువుల కాపరుల హక్కుల మీద పనిచేశాను. అక్కడి అనుభవం ఈ కేసులో పోలికగా ఉపయోగపడింది. సహాయ నిరాకరణ రోజుల్లో, 1921–22లో, రాయచోటి తాలూకా రైతులు పుల్లరి (అడవిలో పశువుల మేతకు పన్ను) కట్టకుండా పశువులను రిజర్వు అడవిలోకి తోలారు. అదే కాలంలో పల్నాడులో పుల్లరి వ్యతిరేక ఉద్యమం జరిగి, 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో మరణించాడు. అంతకు పదేళ్ళ ముందే రైతుల ఫిర్యాదులు ఎక్కువై మద్రాసు ప్రభుత్వం అటవీ కమిటీ వేయవలసి వచ్చింది. దాని 1913 నివేదిక తరువాతనే అటవీ పంచాయతీల ఆలోచన ముందుకు వచ్చింది. రైతు ప్రతిఘటన ఇలా బహిరంగంగా సాగింది కాబట్టి ఫైళ్ళలో దానికి తేదీ, ఊరు, లెక్క ఉన్నాయి. బందెలదొడ్డికి తోలిన పశువులకు కూడా లెక్క ఉంది. చెంచుల ప్రతిఘటన ఆ రూపంలో లేదు. పెంట మార్చడం, పిలిచిన కూలికి రాకపోవడం, అడిగిన దారి చెప్పకపోవడం, ఏరు దాటి కొన్నాళ్ళు నిజాం వైపు బంధువుల దగ్గర ఉండిపోవడం, కాల్చవద్దన్న చోట మళ్ళీ ఏడు కాల్చుకోవడం. ఇలాంటివి అధికారుల రాతల్లో సోమరితనంగా, మొండితనంగా, అలవాటు నేరంగా కనిపిస్తాయి. పదేళ్ళపాటు ఒకే చోట ఒకే నేరం నమోదైతే దానిని నేరప్రవృత్తి అని రాసినవాడు రాశాడు. వదులుకోని వాడుక అని మనం చదవాలి.

కాగితాల సంగతి ఇంతవరకు. దరఖాస్తును నిలబెట్టింది మాత్రం తేనె.

పెద్ద తేనెటీగ నిలువు కొండచరియల మీద పట్టు పెడుతుంది. మనిషి పై అంచు నుంచి అడవితీగలతో పేనిన తాడు పట్టుకుని దిగి, పొగ పెట్టి, వెదురుకర్రతో పట్టు కోస్తాడు. పైన తాడు పట్టేది బావమరిది. అన్నదమ్ముల చేతికి తాడు ఇవ్వరు. అన్నదమ్ములకు పాలు పంపకాలుంటాయని, అక్క పసుపుకుంకుమల కోసం బావమరిది ప్రాణం పోయినా తాడు వదలడని పెద్దలు నవ్వుతూనే చెబుతారు. పట్టు మొత్తం కోయరు. కొంత ఈగకు వదులుతారు. మొదటి తేనె తమ దేవుడు లింగమయ్యకు. ఒక్కొక్క చరియకు ఒక పేరు, ఆ చరియ ఒక ఇంటిపేరువారిది. పరాయివారు కోయాలంటే అడిగి కోయాలి, అడగకుండా కోస్తే పెద్దమనుషుల ముందు తప్పు కట్టాలి.

ఈ ఆచారం వింటూ నేను మొదటి ఏడు ముచ్చటపడి రాసుకున్నానే తప్ప దాని విలువ గ్రహించలేదు. రెండో ఏడు వాంగ్మూలాల గురించి తలపట్టుకున్నప్పుడు తట్టింది. పదమూడో నియమం ప్రకారం పెద్దల వాంగ్మూలం ఆధారమే, కానీ ఆ పెద్దలు హక్కు కోరుతున్నవారు కాకూడదు. సామూహిక దరఖాస్తులో గూడెం మొత్తం హక్కు కోరేవారే అయినప్పుడు సాక్షి ఎక్కడి నుంచి వస్తాడు? చాలా దరఖాస్తులు ఇక్కడే కుంటుపడతాయి. పక్క ఊరి రైతుతోనో, పాత సర్పంచితోనో ఒక కాగితం రాయించి సరిపెడతారు. మాకు బావమరుదులు ఉన్నారు. పెళ్ళి సంబంధం వేరే గూడెంతో కలుస్తుంది కాబట్టి, ప్రతి తేనె చరియకూ ఆ చరియ అంచున నిలబడి తాడు పట్టిన పరగూడెం మనిషి కనీసం ఒక్కడైనా ఉంటాడు. ఆ చరియ ఎవరిదో, ఏ ఏటి నుంచి ఎవరు దిగారో, అంతకుముందు తన తండ్రి ఎవరికి తాడు పట్టాడో అతనికి తెలుసు. ఏరు దాటి వెళ్ళి కూడా కొందరిని కలిశాం. వారి మాటలు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించాం. ప్రాణం నిలబెట్టడానికి పెట్టుకున్న కట్టుబాటు సాక్ష్యం నిలబెట్టడానికి పనికివచ్చింది. ఈ కేసులో నా వృత్తికి దక్కిన మంచి రోజు అదే.

గడ్డల సంగతి ఇంత నాటకీయంగా ఉండదు. ఆడవాళ్ళు తవ్వుకోలతో దుంప తవ్వి, తీగ తలభాగాన్ని తిరిగి గుంటలో పెట్టి మన్ను కప్పుతారు. మరుసటి ఏడు అదే గుంట. ఆ గుంటలు తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి తెలుస్తాయి. మొదటి పటంలో ఇవి ఒక్కటి కూడా లేవు, ఎందుకంటే మొదటి పటం గీసినప్పుడు జీపీఎస్ యంత్రం పట్టుకుని మావెంట నడిచినవారంతా మగవారే. అది పూర్తిగా నా పొరపాటు. రెండోసారి ఆడవాళ్ళతో విడిగా మూడు రోజులు నడిచాం. ఫారం ‘సి’లో కోరిన విస్తీర్ణం తూర్పు వైపు పెరిగింది, పడమటి వైపు తగ్గింది. తపసి బంక విషయంలో పెద్దల కట్టుబాటుకూ ఇటీవలి ఆచరణకూ తేడా ఉందని కూడా దాచకుండా రాశాం: గాటు పెట్టిన చెట్టుకు విశ్రాంతి ఇవ్వాలన్నది పాత పద్ధతి, ధర పెరిగిన ఏళ్ళలో ఆ పద్ధతి సడలి చెట్లు ఎండిపోయాయి. జీసీసీ (గిరిజన సహకార సంస్థ) వారు మేలైన గాటు పద్ధతి నేర్పించిన తరువాత కొంత కుదుటపడింది. ఆచారాన్ని మచ్చలేనిదిగా చూపాలన్న తాపత్రయం మావంటివారికి ఉంటుంది. విచారణలో మొదట విరిగేది అదే.

హద్దుల దగ్గర మరో చిక్కు వచ్చింది. పటం గీత అడుగుతుంది. గూడెం హద్దు ఒక వాగు, ఒక గట్టు, ఒక పెద్ద మద్దిచెట్టు, మధ్యలో ‘మనోళ్ళూ వాళ్ళూ ఇద్దరూ పోయే’ అడవి. పొరుగు గూడెంతో ఉమ్మడిగా ఉన్న ఆ భాగాన్ని మొదటి పటంలో మొత్తంగా మావైపు కలిపేశాం. పొరుగువారు అలిగారు, న్యాయంగానే అలిగారు. ఎండాకాలంలో మైదానపు ఊళ్ళ నుంచి మందలు తోలుకువచ్చే గొల్లల విషయం కూడా ఇటువంటిదే. చట్టం పశుపోషకుల రుతువారీ వాడుకను సైతం గుర్తిస్తుంది. మంద నిలుపుకున్న చోటికి చెంచులకు కొంత ధాన్యమో పెరుగో ఇచ్చే వాడుక ఉండేదని రెండు వర్గాల పెద్దలూ విడివిడిగా చెప్పారు. ఇది గొల్లల వాడుకకూ ఆధారమే, ఆ నేల చెంచులదని గొల్లలు ఒప్పుకున్నదానికీ ఆధారమే. ఒకరి హక్కును కొట్టివేయకుండా మరొకరి హక్కును చూపే ఇలాంటి వాంగ్మూలాలు అరుదు. రెండు పక్షాలనూ ఒకే రోజు కూర్చోబెట్టి రాయించాం.

రెండో దరఖాస్తు విచారణ దాదాపు పూట పట్టింది. పులుల అభయారణ్యంలో సామూహిక హక్కులు ఎలా వస్తాయని మొదటి ప్రశ్న. 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 1983లో పులుల సంరక్షణ పథకంలో చేర్చిన ప్రాంతమే ఇది. అటవీ హక్కుల చట్టంలో అటవీభూమి నిర్వచనంలో అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా ఉన్నాయని చూపాం. రెండో ప్రశ్న రశీదు మీద వచ్చింది. నేరం చేసినట్టు చూపే కాగితాన్ని హక్కుకు ఆధారమంటే ఎలాగని ఒక అధికారి అడిగారు. ఎగతాళిగా అడగలేదు, నిజంగానే అడిగారు. నేను జవాబు చెప్పబోతుండగా అటవీ హక్కుల కమిటీ సభ్యురాలు, ఆ వెదురుగొట్టం దింపినావిడే, లేచి నిలబడింది. “మా తాత ఆడ లేకపోతే ఆయప్పకు జుర్మానా ఎట్ల ఏసినారు సార్?” అంది. ఆ మాటను మినిట్స్‌లో నమోదు చేయమని కోరాం, చేశారు.

ఫారం ‘బి’లో కోరినవాటిలో చిన్నతరహా అటవీ ఫలసాయం, నీటి వనరులు, దేవతాస్థలాలు, శ్మశానం మీది హక్కులను కమిటీ పై స్థాయికి సిఫారసు చేసింది, పత్రం గూడేనికి అందింది. తేనె చరియలు పేర్లతో సహా అందులో ఉన్నాయి. ఫారం ‘సి’, అంటే అడవిని కాపాడుకుని నిర్వహించుకునే హక్కు, ఉమ్మడి భాగం తేల్చుకుని రమ్మని గ్రామసభకు తిరిగి వచ్చింది. ఇది తిరస్కరణ కాదు, నియమాల్లో ఉన్న పద్ధతే. రెండు గూడేల పెద్దలు ఇప్పటికి రెండుసార్లు కలిశారు. ఆదిమ గిరిజన సమూహాలకు చట్టం ఇచ్చే ఆవాస హక్కును కోరాలంటే ఏటికి ఇరువైపులా రెండు రాష్ట్రాల చెంచులు కలిసి కూర్చోవాలి. అది ఈ దరఖాస్తు పరిధిలో లేదు.

పటం మీద ఒక చోట ఖాళీ ఉంది. ఈశాన్యం వైపు ఒక చరియకు పేరు గానీ, కొలత గానీ, ఇంటిపేరు గానీ లేవు. అక్కడికి మమ్మల్ని తీసుకువెళ్ళడానికి పెద్దలు ఒప్పుకోలేదు, పేరు చెప్పడానికీ ఒప్పుకోలేదు. ఆధారం లేకపోతే ఆ భాగం దరఖాస్తులో నిలవదని నేను రెండుసార్లు చెప్పి చూశాను. గ్రామసభలో చర్చకు పెట్టారు, ఆడవాళ్ళు మగవాళ్ళు ఏకగ్రీవంగా వద్దన్నారు. విచారణలో ఆ ఖాళీ ఏమిటని అడిగినప్పుడు, గ్రామసభ నిర్ణయం మేరకు వివరాలు ఇవ్వలేదన్న వాక్యాన్ని చూపించాం. ఫారం ‘సి’ తిరిగి పంపే పటంలో కూడా అది అలాగే ఉంది.